94 మ్యాచ్‌లు ఆడిన పెనాబ్‌స్కాట్ కుర్రాడు: లూయీ సాకలెక్సిస్

పోస్టు పొడుగ్గా ఉంటుంది. మెస్ బెల్ కొట్టే ముందు కాకుండా తిన్నాక తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో ఆదివాసీ ఆటగాళ్ల మాట వస్తే ముందు జైపాల్ సింగ్ ముండా గారి పేరే వస్తుంది. 1928 ఒలింపిక్స్‌లో హాకీ కెప్టెన్, తర్వాత రాజ్యాంగ సభలో మన గొంతు. ఆయన మీద ఇక్కడ అన్నలు, అక్కలు చాలా బాగా రాశారు. ఈరోజు నేను రాసేది ఇంకొకాయన గురించి. ఆయనది మన దేశం కాదు. ఆట కూడా మనం ఆడేది కాదు, బేస్‌బాల్. పేరు లూయీ సాకలెక్సిస్. అమెరికా ఈశాన్య మూలన మెయిన్ అనే రాష్ట్రం ఉంది, అక్కడి పెనాబ్‌స్కాట్ తెగ మనిషి. 1897లో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. రెండేళ్లు దాటగానే బయటికొచ్చేశాడు.

ఈయన నాకెందుకు దొరికాడో చెప్పాలి. పోయినేడు ఒక ఇంటర్ కాలేజ్ మీట్‌లో నేను రిలే పరుగుకి నిలబడ్డాను. మా కాలేజీ పేరు, పక్కన హాస్టల్ పేరు మైకులో చదివారు. అంతే, గ్యాలరీలో కొంతమంది అరచేత్తో నోరు కొట్టుకుంటూ సినిమాల్లో అడవి మనుషులకి పెట్టే ఆ కూత మొదలుపెట్టారు. "జింగాలాలా" అని ఒకడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. పరుగు అయ్యాక మా క్లాస్‌మేట్ ఒకడు "సరదాకి రా, అది మిమ్మల్ని మెచ్చుకోవడమే" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాను.

తర్వాత చాలా రోజులు ఆ కూత ఎక్కడ పుట్టిందా అని ఆలోచించాను. మాది హిస్టరీ గ్రూప్, లైబ్రరీ అలవాటుంది. వెతుక్కుంటూ పోతే సాకలెక్సిస్ తగిలాడు. నూటపాతికేళ్ల కిందట ఈయన మైదానంలోకి దిగినప్పుడల్లా వేలమంది సరిగ్గా ఆ కూతే కూశారు. "మెచ్చుకోవడమే" అన్న మాట కూడా ఈయన విషయంలో చాలా పెద్దగా, చాలా ఏళ్లు నడిచింది. అందుకే రాస్తున్నా.

ముందు ఒక మాట. మన స్కూలు పుస్తకాల్లో వాళ్లని రెడ్ ఇండియన్లు అని రాసేవాళ్లు. కొలంబస్ తప్పుగా పెట్టిన పేరు మీద రంగు కూడా పూశారు. నేను అమెరికా ఆదివాసులు అనే రాస్తాను. ఈ కథలో "ఇండియన్స్" అని వచ్చిన చోటల్లా అది వాళ్ల గురించే, మన భారతీయుల గురించి కాదు.

ఆట గురించి రెండు ముక్కలు

క్రికెట్ తెలిసినవాళ్లకి బేస్‌బాల్ పెద్ద కష్టం కాదు. బంతి వేసేవాడు పిచర్. బ్యాటర్ కొట్టి పరిగెత్తాలి, నాలుగు మూలలున్న చతురస్రం చుట్టి వస్తే ఒక పరుగు. బంతి కంచె దాటితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. దూరంగా, మన బౌండరీ దగ్గర నిలబడే ముగ్గురిని అవుట్‌ఫీల్డర్లు అంటారు. ఎడమ ఒకడు, మధ్య ఒకడు, కుడి ఒకడు. సాకలెక్సిస్ ఎక్కువగా కుడివైపు నిలబడేవాడు. ఆ చోటికి రెండు కావాలి. ఒకటి పరుగు, రెండోది చేతి బలం. ఎందుకంటే అక్కడి నుంచి మూడో మూలకి విసరాల్సిన దూరం చాలా ఎక్కువ.

బ్యాటింగ్ సగటు లెక్క వేరే. లెక్కలోకి వచ్చే ప్రతి వెయ్యి ప్రయత్నాలకి ఎన్నిసార్లు సరిగ్గా కొట్టి బేస్ చేరాడు అన్నది చూస్తారు. 300 సార్లు, అంటే 0.300 ఉంటే మంచి బ్యాటర్ కింద లెక్క. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ద్వీపం నుంచి కాలేజీకి

లూయీ 1871 అక్టోబర్ 24న పుట్టాడు. ఊరు ఇండియన్ ఐలాండ్. పెనాబ్‌స్కాట్ నది మధ్యలో చిన్న ద్వీపం అది, ఎదురుగా ఓల్డ్ టౌన్ అనే పట్నం. అప్పట్లో వంతెన లేదు, పడవ మీదే దాటాలి. ఒకప్పుడు ఆ నది పొడవునా వాళ్ల నేలే. లూయీ నాటికి తెగలో మిగిలింది కొన్ని వందల మంది. భూర్జ చెట్టు బెరడుతో పడవలు చేయడం, చెట్టు బద్దలతో బుట్టలు అల్లి అమ్మడం, కలప నరికి నదిలో దుంగలు తోలడం, ఇవీ వాళ్ల పనులు. మన గోదావరి మీద వెదురు తెప్పలు కట్టి తోలిన తాతలున్న ఇళ్లవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కలప పనికి, బుట్టల వ్యాపారానికి మధ్యలో బేస్‌బాల్ ఎక్కడ దూరింది అంటే, అప్పట్లో మెయిన్‌లో ప్రతి పట్నానికీ వేసవిలో ఒక టీమ్ ఉండేది. లూయీ వాటిలో ఆడాడు. అక్కడ మైక్ పవర్స్ అనే కాలేజీ ఆటగాడు ఇతన్ని చూశాడు. ఆయన మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లోని హోలీ క్రాస్ కాలేజీలో క్యాచర్. ఆయన పట్టు మీదే లూయీ హోలీ క్రాస్‌లో చేరాడు. క్యాథలిక్ పూజారులు నడిపే కాలేజీ అది. లూయీ తెగ కూడా ఎప్పటినుంచో క్యాథలిక్కులే.

1895, 1896 రెండు సీజన్లు అక్కడ ఆడాడు. రెండింట్లోనూ సగటు 0.400 పైనే అని కాలేజీ లెక్క. అక్కడ ఉండగా ఒకసారి బంతిని 414 అడుగులు విసిరాడని, హార్వర్డ్ ప్రొఫెసర్లు టేపు పెట్టి కొలిచారని ఒక కథ బాగా తిరిగింది. 414 అడుగులంటే 126 మీటర్లు. కథలో ఎంత కలిపారో గానీ, ఆ చెయ్యి చూసినవాళ్లెవరూ దాన్ని మర్చిపోలేదు. తర్వాతి కాలంలో న్యూయార్క్ యాంకీస్‌ని నడిపిన ఎడ్ బారో లాంటి పెద్దలు కూడా తాము చూసిన అవుట్‌ఫీల్డర్లలో ఇతన్ని అందరికంటే పైన పెట్టారు.

1897 మొదట్లో పవర్స్‌తో పాటే ఇతనూ నోటర్ డేమ్ యూనివర్సిటీకి మారాడు. అక్కడ ఎక్కువ రోజులు లేడు. మార్చిలో తాగి గొడవ చేశాడని బయటికి పంపేశారు. ఇది దాచాల్సిన పని లేదు. కానీ ఈ తేదీ కూడా గుర్తుపెట్టుకోండి, 1897 మార్చి. అదే నెలలో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ జట్టు ఇతన్ని తీసుకుంది.

1897 వేసవి

అప్పట్లో పెద్ద లీగ్ ఒక్కటే, నేషనల్ లీగ్. 12 జట్లు. క్లీవ్‌లాండ్‌కి కెప్టెన్, మేనేజర్ రెండూ ప్యాట్సీ టెబో. జట్టులో సై యంగ్ ఉన్నాడు. ఈరోజుకీ పిచర్లకి ఇచ్చే పెద్ద అవార్డు ఆయన పేరు మీదే ఉంది. ఎడమ ఫీల్డ్‌లో జెస్సీ బర్కెట్, రెండేళ్లు వరుసగా 0.400 దాటి కొట్టిన మనిషి. అలాంటి జట్టులో ఏప్రిల్ 22న లూయిస్‌విల్ మైదానంలో మన లూయీ మొదటి మ్యాచ్ ఆడాడు.

ఇంకా సీజన్ మొదలవకముందే పేపర్లు ఆ జట్టు పేరే మార్చేశాయి. "టెబో ఇండియన్స్" అని రాయడం మొదలుపెట్టాయి. ఒక్క మనిషి చేరాడు, జట్టు మొత్తానికి ఆ పేరు. ప్రతి వార్తలోనూ గొడ్డళ్లు, తలకాయ చర్మాలు, గుడారాలు, ఈకలు. అమెరికా సైన్యం వూండెడ్ నీ దగ్గర లకోటా ఆదివాసుల్ని ఆడా మగా పిల్లా తేడా లేకుండా కాల్చి చంపింది 1890 డిసెంబర్‌లో. అప్పటికి ఏడేళ్లు కూడా కాలేదు. ఇంకోపక్క బఫెలో బిల్ అనే ఆయన ఆదివాసుల్ని గుర్రాలెక్కించి యుద్ధాల నాటకాలు ఊరూరా ఆడిస్తున్నాడు. జనానికి ఆదివాసీ అంటే ఆ షోలో చూసిన బొమ్మే. పెనాబ్‌స్కాట్‌లకి, ఆ మైదానాల తెగలకి మధ్య వేల కిలోమీటర్ల దూరం ఉంది, భాష వేరు, బతుకు వేరు. గ్యాలరీలో కూర్చున్నవాడికి అదేం పట్టదు. లూయీ బ్యాట్ పట్టుకుని రాగానే నోరు కొట్టుకుంటూ యుద్ధపు కూతలు పెట్టేవాళ్లు. సొంతూరిలో పెట్టారు, బయటి ఊళ్లలో ఇంకా ఎక్కువ పెట్టారు.

జూన్ 16న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో మ్యాచ్. ఎదురుగా పిచర్ ఏమస్ రూసీ. ఆ కాలంలో అందరికంటే వేగంగా వేసేవాడని పేరు. 1893లో పిచర్ నిలబడే దూరాన్ని పెంచారు, దానికి ఇతని వేగం కూడా ఒక కారణమని చెప్తారు. రూసీ ముందు ఈ "ఇండియన్" పని అయిపోతుందని పేపర్లు ముందు నుంచే ఊదాయి. జనం కూతలు పెట్టుకుంటూ వచ్చారు. లూయీ మొదటి ఇన్నింగ్స్‌లోనే, మొదటిసారి బ్యాటింగ్‌కి వచ్చి, రూసీ బంతిని హోమ్ రన్ కొట్టాడు.

నేను ఈ ముక్క చదివినప్పుడు హాస్టల్ వరండాలో ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గుగా ఉంది గానీ నిజం.

ఆ ఏడాది లెక్క ఇది: 66 మ్యాచ్‌లు, సగటు 0.338, 3 హోమ్ రన్లు, 16 బేసులు దొంగిలించాడు. బేస్ దొంగిలించడం అంటే ఎవరూ కొట్టకుండానే పిచర్ కళ్లు గప్పి తర్వాతి మూలకి పరిగెత్తడం. మొదటి ఏడాది కుర్రాడికి ఇది మామూలు విషయం కాదు.

జులై నుంచి పతనం

ఆ 66లో దాదాపు అన్నీ జులై మొదటి వారం లోపే ఆడినవి. జులై 4 వాళ్ల స్వాతంత్ర్య దినం. ఆ పూట బాగా తాగి, ఒక వేశ్యా గృహం మేడ మీది కిటికీలోంచి దూకాడని, కాలు చెడగొట్టుకున్నాడని చెప్తారు. కాలు మాత్రం నిజంగానే పోయింది. కుంటుకుంటూ ఆడిన మ్యాచ్‌ల్లో బంతులు వదిలేశాడు. జట్టు జరిమానాలు వేసింది, పక్కన కూర్చోబెట్టింది. పరుగు మీద బతికే అవుట్‌ఫీల్డర్‌కి కాలు పోతే ఏముంటుంది?

1898లో 21 మ్యాచ్‌లు, సగటు 0.224. 1899లో 7 మ్యాచ్‌లు. ఆ మే నెలలో తీసేశారు. ఇంకో విషయం, ఆ 1899 జట్టు కూడా పాడుబడిన జట్టే. యజమానులైన రాబిసన్ అన్నదమ్ములు సెయింట్ లూయిస్ జట్టుని కూడా కొని, సై యంగ్, బర్కెట్ లాంటి మంచివాళ్లందర్నీ అక్కడికి తరలించేశారు. మిగిలిన క్లీవ్‌లాండ్ జట్టు 20 గెలిచి 134 ఓడింది. పెద్ద లీగ్ చరిత్రలో అంత ఘోరమైన సీజన్ ఇంకోటి లేదు. అలాంటి జట్టులో కూడా మన లూయీకి చోటు మిగల్లేదు.

మొత్తం కెరీర్ 94 మ్యాచ్‌లు. సగటు 0.313.

తర్వాత కొన్నేళ్లు చిన్న లీగుల్లో అక్కడా ఇక్కడా ఆడాడు. ఒక దశలో ఇల్లూ వాకిలీ లేకుండా రోడ్ల మీద తిరుగుతున్నాడని పోలీసులు పట్టుకున్నారు, అది కూడా పేపర్లలో నవ్వులాటగా వచ్చింది. చివరికి ఇండియన్ ఐలాండ్ చేరాడు. ఓల్డ్ టౌన్‌కీ ద్వీపానికీ మధ్య పడవ నడిపాడు. ఊళ్ల మ్యాచ్‌లకి అంపైరింగ్ చేశాడు. తెగ పిల్లలకి ఆట నేర్పాడు. చలికాలం వస్తే కలప నరకడానికి అడవికి వెళ్లేవాడు. 1913 డిసెంబర్ 24న, క్రిస్మస్ ముందు రోజు, అలా కలప పనిలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. వయసు 42.

తాగుడు సంగతి

ఇక్కడ ఆగి ఒక మాట మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఇదే మనకి బాగా తగిలే చోటు.

1920లలో హ్యూయీ జెన్నింగ్స్ అనే పాత ఆటగాడు ఒక కథ రాశాడు. లూయీ ఒక మ్యాచ్‌లో గెలిపించే హోమ్ రన్ కొట్టి, చివర్లో అద్భుతమైన క్యాచ్ పట్టాడట. ఆ రాత్రి తోటి ఆటగాళ్లు సంబరంలో అతని చేత జీవితంలో మొదటిసారి మందు తాగించారట. అంతే, ఆ చుక్కతో మనిషి నాశనమైపోయాడట. ఈ కథ చాలా పుస్తకాల్లోకి ఎక్కింది. ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న తేదీ తీయండి. 1897 మార్చిలోనే, క్లీవ్‌లాండ్‌కి ఒక్క మ్యాచ్ ఆడకముందే, తాగి గొడవ చేశాడని నోటర్ డేమ్ పంపేసింది. అంటే "మొదటి చుక్క" కథ నిలబడదు. మరి అంతలా ఎందుకు తిరిగింది? ఆదివాసీ రక్తానికి మందు చుక్క తగిలితే అంతే సంగతులు అని జనం ముందే నమ్మి ఉన్నారు కాబట్టి. కథ ఆ నమ్మకానికి సరిపోయింది.

అదే కాలంలో ఎడ్ డెలహాంటీ అని ఇంకో అవుట్‌ఫీల్డర్ ఉన్నాడు. తెల్లవాడు, పుట్టింది క్లీవ్‌లాండ్‌లోనే. చాలా గొప్ప బ్యాటర్, సగటు 0.346. 1903లో తాగి గొడవ చేశాడని రైలు దింపేస్తే, రాత్రిపూట నయాగరా నదిలో పడి చనిపోయాడు. 1945లో ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, చేర్చాల్సిందే. ఆయన పేరు చెప్తే ముందు బ్యాటింగ్ చెప్తారు, తర్వాత చావు చెప్తారు. లూయీ పేరు చెప్తే ముందు సీసా చెప్తారు. తాగుడు ఇద్దరిదీ ఒకటే, చెప్పే వరస వేరు.

అలాగని తాగుడుని నేను వెనకేసుకు రావట్లేదు. మా పెదనాన్న కొడుకు ఉన్నాడు, మా అన్న. జావెలిన్ విసిరేవాడు. స్పోర్ట్స్ హాస్టల్‌కి సెలెక్ట్ అయ్యాడు, భుజం పట్టేసింది, ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు ఆటో తోలుతూ సాయంత్రమైతే ఎక్కడుంటాడో ఊళ్లో అందరికీ తెలుసు. బయటివాళ్లు "వీళ్లంతే, ఇప్పసారా జాతి" అంటారు. ఇంకా బాధేంటంటే మా ఊరివాళ్లు కూడా "మనోళ్లు ఇంతేరా" అనేస్తారు. భుజం గురించి ఎవరూ మాట్లాడరు. ఫిజియోథెరపీ అనేది ఒకటుంటుందని అన్నకి ఎవరూ చెప్పలేదు. లూయీ కాలు గురించి చదువుతుంటే నాకు మా అన్న భుజమే గుర్తొచ్చింది. తాగుడు నిజమే. దెబ్బ కూడా నిజమే. ఒంటరితనం కూడా నిజమే. మూడింట్లో ఒక్కటే తీసి మనిషి పేరు పక్కన రాయడం న్యాయం కాదు.

ఒంటరితనం అని ఎందుకన్నానంటే, అప్పుడు ఆ లీగ్ మొత్తంలో ఆదివాసీ అని అందరూ గుర్తుపట్టిన మనిషి ఇతనొక్కడే. నల్లవాళ్లకైతే 1880ల చివర్లోనే తలుపులు మూసేశారు. రాతలో రూలు లేదు, యజమానులు తమలో తాము అనుకున్న కట్టుబాటు. 1901లో జాన్ మెక్‌గ్రా అనే మేనేజర్ ఛార్లీ గ్రాంట్ అనే నల్ల ఆటగాణ్ణి "టోకోహామా" అని పేరు పెట్టి, చెరోకీ తెగ మనిషి అని చెప్పి లీగ్‌లోకి తేవాలని చూశాడు. బయటపడిపోయింది. అంటే ఆదివాసీకి తలుపు కొంచెం తెరిచి ఉంది, కానీ లోపలికి రావాలంటే ఆ కూతలు మొయ్యాలి. లూయీ తర్వాత వచ్చిన ఒజిబ్వే పిచర్ ఛార్లెస్ బెండర్, కహుయియా క్యాచర్ జాన్ మేయర్స్, ఇద్దరికీ పేపర్లు పెట్టిన పేరు ఒక్కటే, "చీఫ్". బెండర్ హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్లాడు, ఆ పిలుపు మాత్రం వదల్లేదు.

పేరు పెట్టి గౌరవించాం అన్నారు

ఇప్పుడు అసలు విషయం. స్పైడర్స్ జట్టు 1899తోనే పోయింది. 1901లో కొత్తగా వచ్చిన అమెరికన్ లీగ్‌లో క్లీవ్‌లాండ్‌కి ఇంకో జట్టు వచ్చింది. దాన్ని స్టార్ ఆటగాడు నాప్ లజొవే పేరు మీద నాప్స్ అనేవాళ్లు. 1914 సీజన్ అయ్యాక లజొవే వెళ్లిపోయాడు, కొత్త పేరు కావాలి. 1915 జనవరిలో యజమాని ఛార్లెస్ సోమర్స్ అడిగితే స్పోర్ట్స్ విలేకరులు కూర్చుని "ఇండియన్స్" అని తేల్చారు. లూయీ చనిపోయి అప్పటికి ఏడాది దాటింది.

తర్వాత దశాబ్దాల పాటు ఆ జట్టు చెప్పుకున్న కథ ఏంటంటే, అభిమానుల పోటీ పెట్టామని, సాకలెక్సిస్ గౌరవార్థం అభిమానులే ఆ పేరు ఎంచుకున్నారని. 1998లో ఎలెన్ స్టారోస్కీ అనే ప్రొఫెసర్ 1915 నాటి పేపర్లన్నీ తిరగేశారు. అభిమానుల పోటీ లేదు. పేరు ప్రకటించిన వార్తల్లో గౌరవం మాట లేదు. ముందటి ఏడాదే బోస్టన్ బ్రేవ్స్ అనే జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది, ఆ పేరూ ఆదివాసులదే, ఆ గాలి బాగా వీస్తోంది. నిజాయితీగా చెప్పాలంటే ఒక పేపర్ సంపాదకీయం మాత్రం లూయీని తలుచుకుంది, ఆయన ఆడిన రోజుల్లో జట్టుని ఇండియన్స్ అనేవాళ్లని, మళ్లీ ఆ పేరు తెస్తున్నారని రాసింది. అదే పేపర్ దాని ముందు రోజే ఈకలు పెట్టుకుని పిచ్చి గంతులేసే ఆదివాసుల కార్టూన్ కూడా వేసింది. గౌరవం, వెక్కిరింత రెండూ ఒకే ఇంట్లో అచ్చయ్యాయి.

1947 ఇంకా విచిత్రం. ఆ ఏడాది జులైలో క్లీవ్‌లాండ్ జట్టు లారీ డోబీని తెచ్చింది. అమెరికన్ లీగ్‌లో ఆడిన మొదటి నల్ల ఆటగాడు, ఈయన కూడా అవుట్‌ఫీల్డరే అయ్యాడు. చాలా గొప్ప పని. అదే యజమాని బిల్ వీక్, అదే ఏడాది, పెద్ద ముక్కు, పళ్లన్నీ బయటపెట్టి ఇకిలించే ఆదివాసీ బొమ్మని జట్టు గుర్తుగా గీయించాడు. దానికి చీఫ్ వాహూ అని పేరు పడింది. డెబ్బై ఏళ్లు వాడారు. ఒక గడప దాటినవాడు ఇంకో గడప దగ్గర ఇలా ఆగిపోతాడా అనిపించింది నాకు.

ఇక్కడ ఇంకో లెక్క చూడండి. అమెరికాలో ఆదివాసులందరికీ పౌరసత్వ చట్టం వచ్చింది 1924లో. లూయీ పుట్టిన మెయిన్ రాష్ట్రంలో రిజర్వేషన్ల మీద ఉండే ఆదివాసులకి జాతీయ ఎన్నికల్లో ఓటు 1954లో, రాష్ట్ర ఎన్నికల్లో ఓటు 1967లో గానీ రాలేదు. జట్టుకి వాళ్ల పేరు 1915లోనే వచ్చింది. పేరు తీసుకోవడానికి పట్టిన కాలానికి, ఓటు ఇవ్వడానికి పట్టిన కాలానికి మధ్య 52 ఏళ్లు.

ఆ బొమ్మ తీసేయమని ఆదివాసీ సంఘాలు ఏళ్ల తరబడి స్టేడియం బయట నిలబడ్డాయి. లూయీ సొంత పెనాబ్‌స్కాట్ తెగ మండలి 2000లో తీర్మానం చేసి ఆ బొమ్మ వద్దని అడిగింది. ఎవరి గౌరవం కోసం అంటున్నారో వాళ్లే వద్దంటున్నా, ఇంకా చాలా ఏళ్లు నడిచింది. 2018 సీజన్ తర్వాత బొమ్మ జెర్సీల మీద నుంచి పోయింది. 2019లో బడుల్లో ఇలాంటి ఆదివాసీ గుర్తులు, పేర్లు వాడకుండా చట్టం చేసిన మొదటి అమెరికా రాష్ట్రం ఏదో తెలుసా? మెయిన్. 2021 సీజన్ అయ్యాక క్లీవ్‌లాండ్ జట్టు పేరు కూడా మారి గార్డియన్స్ అయింది. ఆ ఊరి వంతెన మీద పెద్ద రాతి విగ్రహాలున్నాయి, వాటి పేరు మీద.

లూయీ పేరు అంటే ఇప్పుడు ఏముంది?

ఇండియన్ ఐలాండ్‌లో ఆయన సమాధి ఉంది. 1934లో దాని మీద రాయి నిలబెట్టారు, అందులో రెండు బ్యాట్లు, ఒక బంతి చెక్కారు. ఆయన దగ్గరి బంధువు ఆండ్రూ సాకలెక్సిస్ కూడా అదే ద్వీపం మనిషి. 1912, 1913 రెండేళ్లూ బోస్టన్ మారథాన్‌లో రెండో స్థానం, 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో నాలుగో స్థానం. అంత చిన్న ద్వీపం నుంచి ఇద్దరు.

నాకు బాగా నచ్చిన విషయం వేరే ఒకటుంది. లూయీ గురించి ఎన్ని కథలు కట్టారో చూశాం కదా. ఒకవైపు 414 అడుగుల కథ, ఇంకోవైపు మొదటి చుక్క కథ, పైన గౌరవం కథ. వీటన్నిటి మధ్య కదలకుండా ఉన్నది స్కోరు పుస్తకం. 1897, 66 మ్యాచ్‌లు, 0.338. ఏ గ్యాలరీ ఎంత కూసినా ఆ అంకె మారలేదు. జూన్ 16న రూసీ మీద కొట్టిన హోమ్ రన్ హోమ్ రన్‌గానే ఉంది. పాత పేపర్లలో తేదీలు ఉన్నాయి కాబట్టే వందేళ్ల తర్వాత ఒక ప్రొఫెసర్ వెళ్లి "మీరు చెప్పేది అబద్ధం" అని తేల్చగలిగారు. రాసి ఉంది కాబట్టి తేల్చారు.

మన దగ్గర అదే లేదు. మా అన్న ఎంత దూరం విసిరాడో ఎక్కడా లేదు. అడిగితే "సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో ఉండాలిరా" అన్నాడు. ఇన్నాళ్లూ నేను కూడా అడగలేదు, అది నా తప్పు. ఈసారి సెలవులకి ఊరెళ్లగానే ఆ పెట్టె తెరిపిస్తాను. దూరం, తేదీ, ఏ మీట్, అన్నీ రాసి, ఫొటో తీసి ఇక్కడ పెడతాను. భుజం ఏ నెలలో పోయిందో కూడా రాస్తాను. తాగుడు గురించి రాయాలో వద్దో అన్ననే అడుగుతాను, అది ఆయన చెప్పాల్సిన మాట.

మీ ఊళ్లలో కూడా ఉంటారు. వాలీబాల్ ఆడిన మామలు, కబడ్డీలో జిల్లా దాకా వెళ్లిన అక్కలు, విలువిద్యలో పతకం తెచ్చి ఇప్పుడు పోడులో పని చేసుకుంటున్నవాళ్లు. వాళ్ల లెక్కలు అడిగి కామెంట్లలో రాయండి. సంవత్సరం, ఊరు, ఆట, ఎంత స్కోరు. పొగడ్తలు అక్కర్లేదు, అంకెలు చాలు.

ఇక ఆ గ్యాలరీ కూత సంగతి. మళ్లీ ఎవడైనా నోరు కొట్టుకుంటూ కూసి "మెచ్చుకోవడమే" అంటే ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తెలుసు. "నా పేరు మైకులో చదివారు కదా, మెచ్చుకోవాలంటే ఆ పేరుతో పిలువు" అంటాను. లూయీకి ఆ మాట అనే అవకాశం లేదు, పక్కన తనవాడు ఒక్కడూ లేడు. నాకు ఈ గ్రూపులో మీరందరూ ఉన్నారు.

తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి.

జోహార్.